గోడలోంచి వచ్చే మేక

తప్పులు పట్టడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరైనా అంతా బాగానే ఉందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది. అందుకే నా భార్య ఇంకా పూర్తికాని వీడియో గేమ్‌ను డబ్బు పెట్టి కొన్నదని తెలిసి ఊరుకోలేకపోయాను.

“సగం చేసిన ఆటకి ముందే డబ్బు కట్టావా?”

“ఎర్లీ యాక్సెస్ అంటరు. మనం ఆడుకుంట ఉంటే వాళ్లు చేసుకుంట పోతరు,” అంది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. మియాపూర్ అవతల పునాది కూడా తీయని ఫ్లాట్లకు ముందే డబ్బు కట్టి, ఇప్పటికీ అద్దె ఇళ్లలో ఉంటున్నవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. బ్రోషర్‌లో స్విమ్మింగ్ పూల్, అక్కడికెళ్తే తుమ్మచెట్లు. ఈ ఆట చేస్తున్నవాళ్లు ఏ దేశంలో ఉంటారో కూడా తెలియదు. రేపు దుకాణం కట్టేస్తే ఎవర్ని అడగాలి?

“నీకు అన్నిట్ల అనుమానమే. జర సప్పుడు చెయ్యకు,” అని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

ఆమె నర్సు. డ్యూటీ నుంచి ప్రగతి నగర్‌లోని మా ఇంటికి వచ్చాక నాతో రెండు మాటలు మాట్లాడే ఓపిక కూడా ఉండదు. ఆ ఆటలో ఆమెకో పొలం, గుడిసె, దొడ్డిలో ఒక మేక. ఆ మేక దొడ్డిలో ఉండకుండా గుడిసె గోడలోంచి దూరి లోపలికొచ్చి, ఆటలో ఆమెలా తిరిగే బొమ్మ వంట చేస్తుంటే పక్కనే నిలబడేది. “వచ్చినవా తల్లీ, ఇయ్యాల వార్డుల ఏమైందో ఎర్కేనా?” అంటూ దానికి అన్నీ చెప్పుకునేది, నాకు చెప్పనివి కూడా. పక్క గదిలోంచి వింటుంటే నాకు కుళ్లుగానే ఉండేది.

అయినా గోడలోంచి మేక రావడమేమిటి, చేతకానితనం కాకపోతే? ఆఫీసులో రాసినట్టే, ఏం జరగాలి, ఏం జరుగుతోంది అని వివరంగా రాసి, స్క్రీన్‌షాట్లు పెట్టి ఆటవాళ్లకు పంపాను. పేరు రాయలేదు, హైదరాబాద్ నుంచి అని మాత్రం పెట్టాను. జవాబు రాదని నా నమ్మకం. రాకపోతే ఆమెకు చూపించాలని నా ఆశ.

జవాబిచ్చారు. ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పారు. ఆ మర్యాద చూసి నా అనుమానం ఇంకా పెరిగింది.

ఆ వారంలోనే ఆటకు అప్‌డేట్ వచ్చింది. ఆమె పొయ్యి దగ్గర తన బొమ్మను నిలబెట్టి చాలాసేపు ఎదురుచూసింది.

“ఏందిది, మేక వస్తలేదు?”

మేక దొడ్డిలో, కంచె వెనక బుద్ధిగా నిలబడి ఉంది. అప్‌డేట్‌లో ఏమేం మార్చారో ఆమె చదివింది. గోడలోంచి మేక వచ్చే బగ్ సరిచేశాం, వివరంగా రాసి పంపిన హైదరాబాద్ ఆటగాడికి కృతజ్ఞతలు.

“హైదరాబాద్‌ల గింత పనిలేనోడు ఎవడు?” అంటూ నావైపు తిరిగింది. నేను గబగబా ఫోన్‌లోకి తల దూర్చాను. నటించడం నాకెప్పుడూ రాదు. ఆమె ల్యాప్‌టాప్ మూసేసి లేచి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మేకను మళ్లీ లోపలికి రానివ్వండని వాళ్లకు ఇంకోసారి రాశాను. ఈసారి జవాబు లేదు.

ఆమె ఇప్పటికీ ఆడుతుంది. నేను గదిలోకి వస్తే మాత్రం స్క్రీన్ కిందికి దించేస్తుంది. ఏం ఆడుతున్నావని అడిగితే, “ఎందుకు, రాసి పంపనీకా?” అంటుంది.