వినోద క్యాబినెట్ విప్పిన రోజు

ఆర్మూరులో పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు కొదవ లేదు. తీసిన వాటిలోంచి పనికొచ్చేవి ఏరి, పాటలు కలిపి, పేర్లు వేసి, చూడముచ్చటగా కూర్చి ఇచ్చేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో వినోద ఒకతె. మామిడిపల్లి వైపు రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక బల్ల, దాని మీద రెండు తెరలు, కింద పాత కంప్యూటర్. కెమెరావాళ్లు మెమరీ కార్డులు తెచ్చి ఆమె చేతికిచ్చి వెళ్తారు. వారం పది రోజుల్లో సినిమా తయారవుతుంది.

తల్లి రత్నవ్వ పసుపు కొమ్ములు ఏరే కూలికి పోయేది. ఇంటర్ తప్పిన తర్వాత వినోద కూడా రెండేళ్లు ఆమె వెంట వెళ్లింది. తర్వాత చర్చిలో ఎవరో చెబితే భీమ్‌రావు ఫోటో స్టూడియోలో పనికి కుదిరింది. మొదట పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించడం, కవర్లలో పెట్టడం. తర్వాత ఆల్బమ్‌లు, ఆ తర్వాత వీడియోలు. అలా పదిహేనేళ్లు గడిచాయి. ఆయన అన్నీ నేర్పాడు, ఒక్కటి తప్ప. కంప్యూటర్ క్యాబినెట్ మూత మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. లోపల దుమ్ము పట్టినా తానే విప్పి, తానే ఊది, తానే బిగించేవాడు.

షుగరు వల్ల చూపు తగ్గి స్టూడియో మూసేసిన రోజున ఆ కంప్యూటర్‌ను వినోదకు ఇచ్చేశాడు. తానే దగ్గరుండి కూర్చిన సిస్టమ్ అని, లోపల అన్నీ మంచి సామానే వేశానని, పదేళ్లు ఢోకా లేదని చెప్పాడు. వినోద ఆ మాట నమ్మింది. సిస్టమ్ కూడా ఆ మాట నిలబెట్టినట్టే నడిచింది.

చిక్కు కొత్త కెమెరాలతో వచ్చింది. ఇప్పుడందరూ ఫోర్‌కేలో, అంటే నాలుగింతలు స్పష్టంగా, తీస్తున్నారు. ఆ ఫైళ్లు తెర మీద పెడితే బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. పెళ్లికూతురు తలంబ్రాలు పోయడానికి చెయ్యెత్తితే ఆ చెయ్యి అక్కడే ఉండిపోతుంది. ఒక్క సినిమా బయటికి తీయడానికి పూట పట్టేది. చివరికి వినోద బస్టాండ్ దగ్గర కంప్యూటర్ల షాపు నడిపే ప్రవీణ్‌ను అడిగి, బొమ్మలను వేగంగా నడిపే గ్రాఫిక్స్ కార్డు తెప్పించుకుంది. కార్డుకు కరెంటు అందించే ప్లగ్గు పాత ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే లోపలి భాగాలకు కరెంటు పంచే డబ్బాకు, లేదు. ప్రవీణ్ ఒక జోడింపు వైరు తెచ్చి, హార్డ్‌డిస్కులకు పోయే రెండు వైర్లను దానికి కలిపాడు. తెర వెలిగింది. బొమ్మ నీళ్లలా నడిచింది. ఆ రోజు వినోద జాన్‌కు ఇష్టమైన గుడ్ల పులుసు చేసింది. జాన్ ఆమె భర్త, నందిపేట్ రూట్లో షేర్ ఆటో నడుపుతాడు.

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఏర్గట్ల పెళ్లి పని పూర్తయింది. పెళ్లికూతురు యమున అత్తగారింట్లో విందు ఆదివారం, అక్కడ సినిమా వేస్తారు, అప్పటికి ఇస్తానని ఆ పెళ్లి తీసిన కెమెరా అతనికి మాటిచ్చింది. వినోద సినిమాను బయటికి తీసే రెండర్ బటన్ నొక్కింది. నాలుగు నిమిషాలకు టిక్కుమని కంప్యూటర్ ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకుంది. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. మళ్లీ వేసింది. మళ్లీ ఆగింది.

ప్రవీణ్ కంప్యూటర్‌ను షాపులో ఒకరోజు ఉంచుకున్నాడు. సినిమాలు వేసి చూశాడు, ఆగలేదు. ఇంటికి తెస్తే మళ్లీ అదే తంతు. రెండోసారి తీసుకెళ్లినప్పుడు అతను తేల్చేశాడు.

"అక్కా, మదర్‌బోర్డు పాతదైంది. గీ కార్డును అది మోస్తలేదు. కొత్త సిస్టమ్ తీసుకో, నా మాట విను."

వినోద లెక్క వేసుకుంది. కొత్త సిస్టమ్ ఇప్పట్లో అయ్యే పని కాదు. అది లేకపోతే నిజామాబాద్‌లో ఎవరి స్టూడియోలోనో కుర్చీ వెతుక్కోవాలి, రోజూ బస్సులో పోయి రావాలి. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, ఏం చేస్తే ఆగుతోందో ఒక్కొక్కటే చేసి చూసింది. బొమ్మలు కత్తిరిస్తే ఆగడం లేదు. పాటలు కలిపితే ఆగడం లేదు. రెండర్ మొదలై, కార్డు ఫ్యాను గట్టిగా తిరగడం మొదలుపెట్టాకే ఆగుతోంది. ఐదోసారి క్యాబినెట్ వెనక చెయ్యి పెట్టి కూర్చుంది. వేడి గాలితో పాటు కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. వెంటనే స్విచ్ తీసేసింది.

మర్నాడు పొద్దున జాన్ ఆటోలో, క్యాబినెట్‌ను ఒళ్లో పెట్టుకుని, పెర్కిట్‌లో భీమ్‌రావు ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. మనిషిని గొంతుతో గుర్తుపట్టే స్థితికి వచ్చాడు, చేతులు కూడా వణుకుతున్నాయి. వినోద జరిగిందంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక, క్యాబినెట్ వెనక నుంచి కనబడే ఎస్‌ఎంపీఎస్ మీద ఏం రాసి ఉందో చూడమన్నాడు.

"నాలుగు వందల యాభై వాట్లు అని ఉన్నది సార్."

భీమ్‌రావు నెమ్మదిగా చెప్పాడు.

"రాసుడు గట్లనే రాస్తరు బిడ్డా. అది క్యాబినెట్‌తోని ఉత్తగ వచ్చిన డబ్బా. అండ్ల సగం గూడ రాదు. అప్పుడు కార్డు లేకుండె, నడిచింది. మంచిది వేద్దామనుకున్న, వెయ్యలే. అందరికి మాత్రం అన్నీ మంచియే వేసిన అని చెప్పిన. నీకు గూడ గదే చెప్పిన."

వినోదకు కోపం రాలేదు. ఆయన చెప్పిన మాటల్లో ఇంకేవి అలాంటివో అన్న ఆలోచన ఒక్క క్షణం మనసులో మెదిలింది. అంతలోనే ఆయన ముఖం చూసి ఆ ఆలోచన మానుకుంది. ఈ సంగతి దాచి, ప్రవీణ్ చెప్పినట్టు బోర్డే పాతదైందని ఆయన ఊరుకుని ఉంటే అడిగేవారే లేరు.

"మరి ఇప్పుడేం జెయ్యాలె సార్?"

"ఇప్పు. నువ్వే ఇప్పు. నేను చెప్త."

పదిహేనేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. జాన్ ఆటోలోంచి స్క్రూ డ్రైవర్ తెచ్చిచ్చి తన ట్రిప్పుకు వెళ్లిపోయాడు. వినోద మూత తీసింది. ప్రవీణ్ కలిపిన జోడింపు వైరు కొసన తెల్ల ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి, ఒక పక్క కరిగి ఉంది. అది చెబితే భీమ్‌రావు తల ఊపి, ఇంకో నాలుగుసార్లు నడిపి ఉంటే కార్డు కూడా పోయేదన్నాడు. ఎలాంటి ఎస్‌ఎంపీఎస్ తీసుకోవాలో, కార్డుకు పోయే వైరు దానికే ఉందో లేదో ఎలా చూసుకోవాలో చెప్పాడు.

ప్రవీణ్ దానిని హైదరాబాద్ నుంచి తెప్పించేసరికి శుక్రవారం అయింది. కొత్త డబ్బా చేతికి ఇటుకలా బరువుగా తగిలింది. వినోద ఈసారి ఒక తెర కూడా వెంట తీసుకుని మళ్లీ పెర్కిట్ వెళ్లి, వరండాలో చాప పరిచి, దాని మీద క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టింది. ముందు ఇనుపరేకు ముట్టుకోమన్నాడు భీమ్‌రావు, ఒంట్లోని కరెంటు బోర్డుకు తగలకుండా. పాత వైర్లు పీకేముందు ఏది ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసుకుంది. వెనక నాలుగు స్క్రూలు విప్పి పాతది బయటికి లాగింది. కొత్తది దూర్చి, బిగించి, పెద్ద ప్లగ్గు, హార్డ్‌డిస్కుల ప్లగ్గులు, చివరికి కార్డుది పెట్టింది. అరగంట పట్టింది. మెడ మీద చెమట తుడుచుకుని బటన్ నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది.

వినోదకు తన చేతులతోనే బోర్డు పాడుచేశానేమో అనిపించింది. ఆదివారం, విందు, కెమెరా అతనికి ఇచ్చిన మాట అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. భీమ్‌రావు తొందరపడలేదు. ప్రాసెసర్ పక్కన చిన్న ప్లగ్గు ఒకటి ఉంటుంది, అది పెట్టావా అని అడిగాడు. వినోద ఫోన్‌లో ఫోటో చూసింది. ఫ్యాను వెనక నీడలో పాత వైరు ఒకటి కనిపించింది. అది పీకింది, దాని బదులు కొత్తది పెట్టలేదు. గోడ ప్లగ్గు తీసి, కొత్త డబ్బా వైర్లలో ఆ వైరు దొరకబుచ్చుకుని, టక్కుమనేదాకా నొక్కి, కరెంటు ఇచ్చి మళ్లీ బటన్ నొక్కింది. ఈసారి తెర వెలిగింది.

అక్కడే రెండర్ పెట్టింది. భీమ్‌రావుకు తెర కనబడదు, ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు దాటాయి. పది దాటాయి. ఆయన భార్య టీ తెచ్చింది. వినోద టీ పట్టుకుని తాగకుండా తెర వైపే చూస్తూ ఉండిపోయింది. ముప్పై ఒకటో నిమిషంలో పని పూర్తయిందన్న గీత తెర మీద కనిపించింది.

"అయింది సార్."

"అప్పగింతలల్ల పెండ్లిపిల్ల తల్లిని ఉంచినవా, కోసినవా?"

"ఉంచిన సార్. పూరాగ ఉంచిన."

ఆయన సంతోషించాడు. ఆదివారం ఏర్గట్లలో సినిమా వేశారని, ఎవరూ మధ్యలో లేవలేదని కెమెరా అతను ఫోన్ చేసి చెప్పాడు.

సోమవారం వినోద కరిగిన ప్లగ్గు తీసుకెళ్లి ప్రవీణ్ బల్ల మీద పెట్టింది. కోప్పడలేదు, చూడమంది అంతే. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం ఎర్రబడింది. షాపులో రెండర్ పెట్టి చూడాల్సిందని తనే అన్నాడు. ఆ ప్లగ్గు తనకివ్వమని అడిగితే ఇచ్చేసింది.

నెల తిరిగాక అతని నుంచే ఫోన్ వచ్చింది. భీమ్‌గల్‌లో ఒక స్టూడియోలో సిస్టమ్ ఇలాగే మధ్యలో ఆగిపోతోందట, వాళ్లు కొత్తది కొనడానికి సిద్ధంగా ఉన్నారట, కొనేముందు అక్క ఒకసారి చూస్తే బాగుంటుందని అతని మాట. వినోద చేతిలో ఉన్న పని ఆపి, బ్యాగులో స్క్రూ డ్రైవర్ వేసుకుని, పదిన్నర బస్సుకు బయల్దేరింది.