పొగ వంగిన రాత్రి

నవ్వాలనుకున్నవాళ్లు ముందే నవ్వేయండి. తర్వాత మాత్రం నవ్వొద్దు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. నా పిల్లల మీద ఒట్టు. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. గాలిని కొలవడం నా పని. గాలి ఎటు పోతుందో, ఎందుకు పోతుందో చెప్పగలననే ధీమాతో బతికినదాన్ని... ఆ రాత్రి దాకా.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు జరిగిందిది. చిట్యాల దగ్గర, హైవే పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. నా ప్రయోగం మాటల్లో చెప్పాలంటే చిన్నదే. ఒక పైపు, దాని లోపల ఇంకో సన్నటి పైపు. రెండూ నిటారుగా ఉంటాయి. లోపలి దాంట్లోంచి పొగ కలిపిన గాలి, చుట్టూ బయటి దాంట్లోంచి మామూలు గాలి పైకి చిమ్ముతాయి. అవి ఎక్కడ సుడులు తిరుగుతాయో, ఎంత ఎత్తుకు పోయాక కలిసిపోతాయో ఫోటోలు తీయాలి. గ్యాస్ మంట శుభ్రంగా మండాలంటే ఆ సంగతి తెలియాలి.

పగలు కుదరదు. చీకట్లో లేజర్ వెలుగు పడితేనే పొగ ఆకారం కనిపిస్తుంది. పక్కన ఎవరు తుమ్మినా చెదిరిపోతుంది. అందుకే రాత్రిళ్లు నేనూ, మా ఎంటెక్ విద్యార్థి శ్రీశైలం కూర్చునేవాళ్లం. కొల్లాపూర్ దగ్గర పల్లె అతనిది. వాళ్ల నాన్న గొర్రెలు కాస్తాడు.

ఆ రాత్రి తలుపు బిగించాం. ఫ్యాన్లు ఆపేశాం. బయట వరండాలో పైపులకు గాలి పంపే కంప్రెసర్ ఒక్కటే గురగురమంటోంది. పొగ లేచింది. ఆకుపచ్చ వెలుగులో తిన్నగా జానెడు ఎత్తు పోయి... అంచులు చుట్టుకుని, విచ్చుకుని, గాలిలో కలిసిపోతోంది. అంత అందంగా ఎప్పుడూ రాలేదు.

"అక్కా, గిది మస్తుగొచ్చింది. జర కదలకుండ్రి," అన్నాడు శ్రీశైలం.

అప్పుడు... పొగ వంగింది.

కొంచెమే. ఎడమ పక్క నుంచి ఎవరో ఊదినట్టు వంగి, మళ్లీ లేచి నిలబడింది. మళ్లీ వంగింది. మళ్లీ. కాసేపు ఏమీ లేదు. తర్వాత మళ్లీ అదే వరస.

"ఎక్కడ్నో గాలొస్తాంది. తలుపు చూడు తమ్మీ," అన్నాను.

చూశాడు. బిగుసుకునే ఉంది. నేను ఎడమ పక్కకు వెళ్లి అరచెయ్యి చాపాను. ఏమీ తగల్లేదు. అట్టముక్క అడ్డం పెట్టాను. పొగ తిన్నగా నిలబడింది. అట్ట తీశాను... వంగింది.

ఆ పక్కన ఉన్నదల్లా గోడ. కిటికీ లేని గోడ.

తిరిగి చూస్తే శ్రీశైలం పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"అక్కా... గది మా నాయిన."

"ఏందీ?"

"మా నాయిన పొయ్యి గిట్లనే ఊదుతడు. మూడుసార్లు ఊది, దమ్ము తీసుకుంటడు. మల్ల మూడుసార్లు. చిన్నప్పటి సంది సూస్తున్న."

కోప్పడ్డాను. వినలేదు. ఫోన్ తీశాడు. ఆ క్షణంలో నాకేం తట్టిందో మీకూ తట్టే ఉంటుంది. పెద్దాయనకు ఏదో అయ్యుంటుంది... ఫోన్ ఇంకెవరో ఎత్తుతారు... ఏడుపులు వినిపిస్తాయి...

రింగవుతోంది. అవుతోంది.

"ఎవలు... శ్రీశైలమా? ఏందిరా గింత రాత్రి?"

ఆయనే! బతికే ఉన్నాడు. శ్రీశైలం స్పీకర్ ఆన్ చేసి, ఫోన్ బల్ల మీద పెట్టి కూలబడ్డాడు.

"నాయినా... పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న. మంద కాడ పండుకున్న. గిప్పుడే తెలివొచ్చింది బిడ్డా. కలల నువ్వొచ్చినవ్. పొయ్యి ముంగట కూసోని 'ఊదు నాయినా, ఊదు' అని ఒక్కతీర్గ సతాయించినవ్. ఊదీ ఊదీ ఆయాసమొచ్చింది."

శ్రీశైలం ఫోన్ మీదికి వంగి, "ఇగ ఊదకు నాయినా," అన్నాడు.

"పిచ్చోడా, కలనే గదరా!" అని ఆయన నవ్వాడు. వానల గురించి, ఈనిన గొర్రె గురించి చెప్పసాగాడు. హమ్మయ్య, ఏదైతేనేం, ఆయన మేలుకున్నాడు, ఇక అయిపోయిందనుకుని పొగ వైపు చూశాను.

వంగుతోంది.

ఆయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు... పొగ వంగుతూనే ఉంది. మాట్లాడే నోరు ఊదలేదు కదా!

శ్రీశైలం ఒక్కసారిగా గోడ వైపు తిరిగి, "ఎవలది?" అని అరిచాడు.

పొగ ఆగింది. ఆగడమంటే... నిటారుగా, ఒకే గీతలా పైకప్పు దాకా నిలబడింది. సుడి లేదు. చెదరడం లేదు. అంత వేగంతో పోయే గాలి అట్లా ఉండదు. ఉండకూడదు. ఎవరో ఊపిరి బిగబట్టి మా మాటలు వింటున్నట్టు...

ఫోన్లో పెద్దాయన కూడా ఆగిపోయాడు.

"బిడ్డా... నీ పక్కకు ఎవలున్నరురా?"

"అక్క ఉన్నది నాయినా."

"ఆమె గాదు..." ఆయన చెవి పెట్టి వింటున్నట్టుంది. "ఇగో... బిగవట్టిన ఊపిరి గిప్పుడే ఇడిసిండు."

ఆయన ఆ మాట అంటుండగానే పొగ గీత మొత్తం విరిగి... ఈసారి మా మొహాల మీదికి వచ్చింది.

తలుపు ఎవరం తీశామో తెలియదు. హైవే మీది టీ కొట్టు లైటు కిందకు వచ్చాక కానీ ఆగలేదు. కంప్రెసర్ కట్టేయడానికి కూడా వెనక్కి పోలేదు.

తెల్లారి వాచ్‌మన్‌ను తీసుకుని వెళితే గది మామూలుగానే ఉంది. ఫోటోలు మా గైడ్‌కు చూపించాను. వంగిన వాటిని చూసి "ఎక్కడో సందుంది, చూసుకోమ్మా" అన్నారు. నిటారు గీతను మాత్రం చాలాసేపు చూశారు. కెమెరా దోషమని పక్కన పెట్టేశారు. శ్రీశైలం ఆ గదిలోకి మళ్లీ రాలేదు. మిగతా పనంతా కంప్యూటర్ మీద లెక్కలు వేసి పూర్తి చేసుకున్నాడు. వాళ్ల నాన్నకు ఏమీ కాలేదు, హాయిగా ఉన్నాడు. ఆ మాట ఎత్తితే మాత్రం లేచి మంద దగ్గరకు వెళ్లిపోతాడట.

నా ప్రయోగం నేనే ముగించాలి కదా... అదే గదిలో, గోడకు ఎదురుగా ఎన్నో రాత్రులు కూర్చున్నాను. పొగ మళ్లీ ఎప్పుడూ వంగలేదు. వచ్చిన గాలి సందులోంచి వచ్చిందేమో. కల కాకతాళీయమేమో. కానీ ఆయన విన్నది ఎవరి ఊపిరి? నాకు తెలియదు. ఇప్పటికీ, నాతో ఫోన్లో మాట్లాడేవాళ్లు ఉన్నట్టుండి ఆగిపోతే... నా పక్కకు నేనే చూసుకుంటాను.