అక్క నన్ను ‘మీరు’ అన్నాక: గద్వాల నుంచి వీపనగండ్ల దాకా

మూడు నెలలుగా మా అక్క నన్ను ‘మీరు’ అంటోంది. ఈ ప్రయాణానికి కారణం అదే. అమ్మ పోయినప్పుడు నాకు పదేళ్ళు. అప్పటి నుంచి వీపనగండ్లలో తన ఇంట్లో పెట్టుకుని, ‘ఏంరా’, ‘ఓరి గాడ్ది’ అంటూ పెంచిన మనిషి ఆమె. నేను హైదరాబాద్ వచ్చి, అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుని, ఒక కాల్ సెంటర్లో కుదిరాను. రెండు వందల పేజీల నోటుబుక్కు నిండా మర్యాదైన వాక్యాలు రాసుకుని బస్సులోనూ, స్నానం చేస్తూనూ వల్లించేవాణ్ణి. అవతలివాళ్ళు కష్టం చెప్పుకుంటే ముందు ‘ఐ యామ్ సారీ టు హియర్ దట్’ అనాలి, వెంటనే ఇంకేమైనా సాయం చేయగలనా అని అడగాలి. ఈ రెండూ నేను పలికిన తీరుకు ట్రైనింగులో చప్పట్లు కూడా కొట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్క వాళ్ళూళ్ళో కిరాణా కొట్టు ముందున్న రూపాయి డబ్బా ఫోన్ నుంచి చేసింది. “ఎద్దు సచ్చిపోయిందిరా” అంది. దూడగా ఉన్నప్పటి నుంచి తన చేత్తో కుడితి పెట్టి సాకిన ఎద్దు అది. నేనేమన్నానో తెలుసా? “వినడానికి చాలా బాధగా ఉందక్కా. నీకు ఇంకేమైనా సాయం చేయగలనా?” అన్నాను. ఆలోచించి అనలేదు, నోటికి అదే వచ్చింది. అక్క “ఏమొద్దు తియ్యుండ్రి. మీకు పనుంటది” అని పెట్టేసింది. ఆ తర్వాత రెండుసార్లు మాట్లాడింది, రెండుసార్లూ ‘బాగున్నరా’ అనే అడిగింది. ఒక తిట్టు కోసం మనిషి ఇంతగా మొహం వాచిపోతాడని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కకు గద్వాల చీరలంటే ప్రాణం. ఉత్త చేతులతో వెళ్ళే ధైర్యం లేక, సెలవు దొరికిన రోజు పొద్దున్నే కాచిగూడలో రైలెక్కాను. పాసింజరు టికెట్ ముప్పై రూపాయల లోపే, నాలుగున్నర గంటల ప్రయాణం. పదింటికి గద్వాలలో దిగి, స్టేషన్ బయట ఒక బండి దగ్గర ఉగ్గాని, రెండు మిర్చీలు తిన్నాను. నానబెట్టిన బొరుగులతో చేసే ఈ టిఫిన్ హైదరాబాద్‌లో వెతికినా దొరకదు. ఎనిమిది రూపాయలు ఇచ్చి “థాంక్సండీ” అంటే, బండి ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “పైసలిచ్చినవ్, తిన్నవ్. మల్ల థాంక్స్ ఎందుకయ్యా? బాగుంటె బాగుందను, ఇంకో మిర్చి ఏస్త” అంది. బాగుందన్నాను. నిజంగానే ఇంకోటి వేసింది. కోట దగ్గరి వీధిలో ఒక నేతగాళ్ళ ఇంట్లో ఎరుపంచు నూలు చీర ఎనిమిది వందల యాభైకి తీసుకున్నాను. కొట్లకన్నా ఇళ్ళ దగ్గర కొంటేనే నయం, బేరమాడకపోయినా నీళ్ళిచ్చి కూర్చోబెడతారు.

పదకొండున్నర వనపర్తి బస్సు ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా రెండు గంటలు తీసుకుంటుంది. కృష్ణ మీదుగా వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ దొరికితే అదృష్టం. నాకు దొరికింది కానీ, నేను నీళ్ళకేసి చూడలేదు. నోటుబుక్కు తెరిచి అక్కకు చెప్పాల్సిన వాక్యం రాసుకుంటున్నాను. ‘క్షమించు అక్కా’ అని రాశాను, నాటకంలో డైలాగులా ఉంది. ‘సారీ అక్కా’ అంటే కాలు తొక్కినట్టుంటుంది. ‘తప్పయింది’ కొంచెం నయం కానీ, ఏం తప్పయిందిరా అని అడిగితే ఏం చెప్పను? మర్యాద తప్పలేదు కదా, మర్యాదగానే మాట్లాడాను కదా! ముందు సీటు పక్కన కండక్టర్ ఒక ముసలామెతో “పెద్దమ్మా, గంప జర లోపలికి జరుపరాదు, మందికి తోవ లేదు” అంటున్నాడు. ఆమె గొణగకుండా జరిపింది. ఈ పనికే నా బుక్కులో రెండు వరుసల వాక్యం ఉంది. బుక్కు మూసేశాను.

వనపర్తి బస్టాండులో వీపనగండ్ల బస్సు వెంటనే దొరికింది. మూడింటికి దిగి పది నిమిషాలు నడిస్తే అక్క ఇల్లు. నన్ను చూసి ఆమె కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి, నేను చూశాను. అంతలోనే సర్దుకుని “ఎప్పుడొచ్చిండ్రు? కూసోండ్రి” అంటూ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. ఆ ఇంట్లో నేనెప్పుడూ కుర్చీలో కూర్చోలేదు, గడప మీదే కూర్చునేవాణ్ణి. సాసరులో కప్పు పెట్టి చాయ ఇచ్చింది, పక్కన నాలుగు బిస్కెట్లు. బావ నవ్వాపుకోలేక “ఏం బామ్మర్ది, మీ అక్క నిన్ను తాసిల్దారును జేసింది గదా” అన్నాడు. చీర అందిస్తే రెండు చేతులతో తీసుకుని, మడత కూడా విప్పకుండా మంచం మీద పెట్టింది. “గింత ఎండల పడి పరేషాన్ అయిండ్రు” అంది. మా అక్క ఎదురుగా కూర్చునే మా అక్క మీద బెంగ పెట్టుకున్నాను.

తిరిగి హైదరాబాద్ చేరడానికి నాగర్‌కర్నూల్ వెళ్ళే బస్సు ఐదున్నరకు. నాలుగున్నర దాకా మేం ముగ్గురం వానల గురించి, బియ్యం ధర గురించి పెద్దమనుషుల్లా మాట్లాడుకున్నాం. బావ పొలానికి వెళ్ళాక, ఊరికే లేచి వెనక కొట్టంలోకి నడిచాను. ఒక గుంజకు ఎద్దు ఉంది, రెండో గుంజకు ఏమీ లేదు. అక్క చిప్పలో దాణా పట్టుకుని నా వెనకే వచ్చి నిలబడింది. రాసుకున్నవేవీ గుర్తు రాలేదు.

“ఎట్ల సచ్చిపోయిందక్కా?” అన్నాను.

ఆమె చిప్ప కింద పెట్టి, నేల మీదే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. “తాడు నేనే కట్టిన” అంది. “బోరింగు కాడ నీళ్ళు పట్టనీకె పోవాల్నని తొందరల వదులుగ కట్టిన. ఇడిపించుకొని పోయి, కోసిన చేన్ల జొన్న పిలకలు మేసింది. నాము తగిలింది.” కోత అయ్యాక మోళ్ళకు వేసే లేత పిలకల్లో విషముంటుంది, దాన్నే నాము అంటారు. “పశువుల దవాఖాన నుంచి డాక్టర్ వచ్చేసరికె కాళ్ళు సాపింది. నన్నే సూసుకుంట పోయింది. తాడు నేను కట్టిననని మీ బావకు ఇయ్యాల్టికీ చెప్పలే. ఎవలికీ చెప్పలే. నీకే చెప్దామని ఆనాడు రూపాయి బిళ్ళ ఏసిన.”

నేను ఊఁ కొట్టాను, అంతే. ఆ ఎద్దు దూడగా ఉన్నప్పుడు ఇంట్లోకి వచ్చి ఉప్పు నాకిన సంగతి దగ్గర మొదలుపెట్టి, అంతా చెప్పింది, ఏడ్చింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఆమె నన్ను ‘నీకే’ అన్న సంగతి అప్పుడు నాకు తట్టనేలేదు.

ఐదున్నరకు బస్సు దాకా వచ్చింది. నాతో ఏమీ అనలేదు. నేను ఎక్కాక, ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి కండక్టర్‌ను పిలిచింది. “అన్నా, మావోడు బస్సెక్కితె సాలు మొద్దునిద్ర పోతడు. నాగర్‌కర్నూల్ల జర లేపి దింపుండ్రి. ఎడ్డోడు, హైదరాబాద్ బస్ యాడుంటదో గుడ చూపియ్యుండ్రి” అంది. బస్సంతా నన్ను చూసి నవ్వింది. కొల్లాపూర్ మీదుగా రెండు గంటల దారి, నేను కన్ను మూయలేదు.

ఇంగ్లీషు మానను, అది నాకు అన్నం పెడుతోంది. రేపు కూడా ముక్కూ మొహం తెలియని వాళ్ళకు సారీ చెబుతాను, బాగానే చెబుతాను. కానీ అక్క ఆ రోజు సాయం అడగలేదు, వినమంది. ఎట్లా అని నేనొక్క మాట అడిగి ఉంటే, తాడు సంగతి మూడు నెలలు ఒక్కతే మోసేది కాదు. ఆమెకు ఫోన్ లేదు, తనే చేయాలి. ఎదురుచూస్తున్నాను.

ఇటు వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క సలహా. గద్వాలలో ముందు రోజే దిగి, వనపర్తికి పొద్దున మొదటి బస్సు పట్టుకోండి. నాలా మూడింటికి చేరి ఐదున్నరకు బయల్దేరితే సరిపోతుందనుకోకండి. మనమీద కోపమున్న మనవాళ్ళు మొదటి గంటన్నర మర్యాదే చేస్తారు. మాట ఆ తర్వాతే మొదలవుతుంది.