ముందు మంచినీళ్లడుగు

ఈ అమ్మమ్మ చెప్పేది రాసుకోరా కన్నా, మధ్యలో ఫోను చూడకు. మా చెల్లెలి కూతురు ఇంగ్లాండులో, మన ఊరిలాంటి ఒక ఉక్కు ఊళ్లో కౌన్సిలర్‌గా నిలబడింది. బయటినుంచి వచ్చినవాళ్లను పంపించేస్తామనే పార్టీ ఒకటి ఈసారి అక్కడ ఊరూరా గెలిచేలా కనిపించిందట. పిల్ల ఫోనులో ఒకటే దిగులు.

"పెద్దమ్మా, సగం ఇళ్ల ముందు ఆళ్ల బోర్డులే. నా మొకం సూసి తలుపేసేత్తన్నారు."

"తీసినోళ్లని ఏటడుగుతున్నావే?"

"ఓటే. ఇంకేటడుగుతాను?"

"ముందు మంచినీళ్లడగవే, పిచ్చిదానా!"

ఇక్కడ మన సిద్ధగోరాలో కాలనీ కమిటీకి నిలబడినప్పుడు నేను చేసిందదే. బిహారీల ఇల్లయినా, ఒడియా వాళ్ల ఇల్లయినా ముందు నీళ్లడిగి కూర్చునేదాన్ని. చేతికి గ్లాసిచ్చాక పొమ్మనడం ఎవరికైనా కష్టమే. గెలిచాను కూడా. అది కాస్త పెద్దగా రాయి.

పిల్ల వెళ్లి, ఆ పార్టీ బోర్డున్న ఇంట్లోనే నీళ్లడిగింది. ఉక్కు కార్ఖానాలో రిటైరైన ముసలాయన టీయే ఇచ్చాడు. తన నాన్న కూడా ఇక్కడ ఉక్కు కరిగించే ఫర్నేసులోనే పనిచేశాడని పిల్ల చెబితే, గంటసేపు ఫర్నేసు కబుర్లే.

లెక్కింపు రోజు నేను పప్పు తాలింపు వేస్తుంటే ఫోనొచ్చింది.

"పెద్దమ్మా, గెలిసీసేను! సుట్టూ అన్ని వార్డులూ ఆళ్లవే, మాదొక్కటే మిగిలింది!"

"మరి ఆ ముసలాయన ఓటో?"

"ఆళ్లకే ఏసినాడంట. పెళ్లాం మాత్రం నాకేసిందంట. ఇద్దరూ కలిసి కేకు అట్టుకొచ్చినారు!"

తాలింపు మాడిపోయింది. సాక్చి బజారు నుంచి లడ్డూలు తెప్పించి వీధంతా పంచాను. నువ్వేమో హిందీలో "నానీ, ఏక్ ఔర్" అని, అమ్మమ్మా ఇంకొకటంటూ మూడు తిన్నావు. అదీ రాయి.