'దోషం లేదు' అని రాసిన కార్డు

1983 జూన్‌లో తిరుపతిలోని ఒక చెవి మిషన్ల సర్వీసు కేంద్రంలో టెక్నీషియన్‌గా చేరాను. బి.యస్సీ. ఫిజిక్సు తరువాత మద్రాసులో ఆరు నెలలు శిక్షణ. నా పైన ఒక ఇన్‌ఛార్జి, కింద ఎవరూ లేరు. పని చేసింది ఏడాదిన్నరే. కాన్పుకు సెలవు పెట్టి మళ్ళీ చేరలేదు.

అక్కడికి వచ్చే చెవి మిషన్ అంటే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా. గుడ్డసంచిలో వేసి రొమ్ము మీద కట్టుకుంటారు. ముందువైపు సన్నని చిల్లుల వెనక మైకు ఉంటుంది. అది పట్టిన శబ్దాన్ని లోపలి సర్క్యూటు పెంచి, వైరు ద్వారా చెవిలోని బిళ్ళకు పంపుతుంది. మరమ్మతుకు వస్తే సెల్లు, వైరు, బిళ్ళ వరుసగా చూడాలి. ఆపైన బిళ్ళ మన చెవిలో పెట్టుకొని, స్క్రూడ్రైవర్ పిడితో డబ్బాను నలువైపులా తడుతూ వినాలి. శబ్దం తెగితే విప్పాలి. తెగకపోతే కార్డు మీద 'దోషం లేదు' అని రాసి సంతకం చేయాలి.

ఆగస్టులో నగరి నుంచి మునెమ్మ అనే ఆమె నాలుగేళ్ళ కూతురు గోమతిని తీసుకొచ్చింది. ఇంట్లో రెండు మరమగ్గాలు. ఏదో జ్వరం తరువాత పాపకు వినికిడి చాలావరకు పోయింది. మిషన్ పెట్టాక 'అమ్మ', 'తాత', 'పాలు' అనే మూడు మాటలు తిరిగి వచ్చాయి.

"బిడ్డకు మిషన్ పెడితిరి సరే, ఇప్పుడు మిషన్‌కే చెవుడొచ్చినట్టుండాది మేడం. దానికేం పెట్టాల?" అని నవ్వింది. ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు అంది.

బల్ల మీద పెట్టి విన్నాను. ఫ్యాను చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. బయట అయిదారుగురు కాచుకొని ఉన్నారు. తట్టి చూడలేదు. 'దోషం లేదు' అని రాశాను. మిషన్ బాగుంది, పిల్లే పరధ్యానంగా ఉంటోందేమో అని కూడా చెప్పాను. ఆ మాట చెప్పమని ఏ నియమమూ లేదు.

ఆయుధపూజ అయిన వారానికి ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వలేదు.

"మిషన్ బాగుండాదని మీరు జెప్తిరి గదా. మొండికేసిందనుకొని రెండు నెల్లుగా కొడతా వచ్చినాను. ఇప్పుడు సెయ్యెత్తితే సాలు, మూలకు పోయి కూసుంటాది. అమ్మా అనేది గూడా మానేసింది మేడం. ఈ వారమైతే మిషన్ బొత్తిగా పలకదు."

డబ్బాను గుడ్డసంచిలోంచి తీశాను. మైకు చిల్లుల నిండా పసుపు ఎండి గట్టిపడి ఉంది. నేతవాళ్ళు ఆయుధపూజనాడు మగ్గానికి, కత్తెరకు పసుపు కుంకుమ పెడతారు. మునెమ్మ ఈ డబ్బాకూ నిండుగా పూసింది. అది చూసి, "నా సేతులతో నేనే మూసేస్తి గదా" అని చెంపలు వాయించుకుంది.

పసుపు గీకి, స్పిరిట్‌తో తుడిచాను. పలికింది. ఈసారి తట్టాను. తెగింది. వెనక మూత విప్పితే, మైకు వైరు బోర్డుకు అతికిన చోట, భూతద్దం కింద, ఉంగరంలా సన్నని గీత కనిపించింది. దీన్ని డ్రై సోల్డర్ అంటారు. అతుకు పైకి బాగానే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. బల్ల మీద కదలకుండా ఉంటే తగులుతుంది, పిల్ల పరుగెత్తితే విడిపోతుంది. అది తయారీలో మిగిలిన లోపం. ఆగస్టులో మునెమ్మ చెప్పింది దాని సంగతే.

మళ్ళీ అతికించడానికి నిమిషం పట్టలేదు. మిషన్ తగిలించి వెనకనుంచి "గోమతీ" అన్నాను. వెంటనే తిరిగింది. అయితే చూసింది నా వైపు కాదు, తల్లి చేతి వైపు.

"పసుపు వల్లనే గదా మేడం?" అని మునెమ్మ అడిగింది.

బల్ల మీద ఆగస్టు కార్డు ఉంది, దాని కింద నా సంతకం. "అవును, ఇకమీదట పూయకండి" అన్నాను.

ఆమె కూతురి వైపు తిరిగి, "సూసినావా, పసుపు పూసింది మొన్న గదా. అంతకు మునుపంతా నువ్వే మొండికేసినావు" అంది. మిషన్ బాగుపడ్డాక ఆ పాపతో తల్లి అన్న మొదటి మాటలు అవి.

నేను దిద్దలేదు. కొత్త కార్డు మీద 'మైకు చిల్లులు శుభ్రం చేయడమైనది' అని మాత్రం రాశాను. ఇన్‌ఛార్జి సంతకం పెట్టారు. మునెమ్మ మళ్ళీ రాలేదు. రిజిస్టరులో చిరునామా ఉన్నా నేను ఉత్తరం రాయలేదు.

ఇప్పుడు, 1986లో, మా పాపకు పద్నాలుగు నెలలు. పిలవగానే తిరగకపోతే మూడుసార్లు పిలుస్తాను.

ఆ ఉద్యోగం నేర్పినది ఇంతే. ఆగి ఆగి వచ్చే లోపం విషయంలో బల్ల మీది పరీక్ష కన్నా ఇంట్లోవాళ్ళు చెప్పేదే ముందు నమ్మాలి. చూడగానే కనబడేదే అసలు దోషం కానక్కరలేదు. దొరికిన దోషాన్ని కార్డు మీద రాయకపోతే అది ఇంకెవరి మీదో పడుతుంది. ఆ రోజు నాలుగేళ్ళ పిల్ల మీద పడింది.