ఊపిరాడని ఇంజను, పడని వేలు

మా ఆయన ఏ వస్తువునూ ఉన్నదున్నట్టు ఉండనియ్యడు. మిక్సీ తెస్తే మూడో దినం అడుగు విప్పుతడు. కూలర్ తెస్తే దాని మోటరు మార్చిందాక పానం నిలువది. గసొంటి మనిషి చేతికి ఒక టర్బో కారు దొరికితే గా కారు గతి ఏమైతదో వేరే చెప్పాల్నా?

మేమిద్దరం చైతన్యపురిల ఒకటే కోచింగ్ సెంటర్ల పనిచేసేటోళ్లం. ఆయన పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది, నేను ఆఫీసుల అడ్మిషన్లు చూసేది. ఆయనది గుంటూరు దిక్కు, మాది నల్లగొండ దిక్కు. పెండ్లయి పదమూడేండ్లయినా ఆయన "ఏమిటి" అంటడు, నేను "ఏంది" అంట, ఎవరి మాట వాళ్లదే. పెండ్లయినంక నేను గా నౌకరి బంజేసి, ఇంట్ల సెలవుల్లేని నౌకరిల చేరిన. ఆయన మాత్రం ఇప్పటికీ అక్కడ్నే పీడనం, ఉష్ణోగ్రత, వాయువుల ధర్మాలు చెప్తుండు. మస్తు మంచిగ చెప్తడని పేరు.

కారు సెకండ్ హ్యాండుదే. మూడు సిలిండర్ల చిన్న ఇంజను, దానికో టర్బో. ఉన్న పవర్ సాలలేదని ఎల్బీనగర్ దిక్కు ఎవలనో పట్టుకొని దాని కంప్యూటర్ల లెక్కలు మార్పిచ్చిండు. ఇంటికొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు దీని పికప్ ఎలా ఉంటుందో తెలుసా నీకు?" అన్నడు. నాకెట్ల తెలుస్తది? దిల్‌సుఖ్‌నగర్ల మా గల్లీ నుంచి మెయిన్ రోడ్డెక్కుటానికే పదిహేను నిమిషాలు. రోడ్డెక్కినంక మెట్రో పిల్లర్ల పక్కపొంటి రెండో గేరు. గంత పవరు పెట్టుకొని, కూరగాయల బండి ఎనుక బండి వానికన్న ఓపికగ పోయెటోళ్లం.

పవర్ పెరిగినంక ఇంకో పరేషాన్ మొదలైంది. నేను గిన్నెలు తోముకుంట, కిటికీల పుస్తకం నిలబెట్టి చదువుకుంటుంటే, ఎనుక నిలబడి చెవిల ఇల్లు కట్టుకొని చెప్పెటోడు. ఇంజన్ల పిస్టన్లు కిందికీ మీదికీ ఆడుతుంటే, వాటి సందుల నుంచి కొంచెం గ్యాసు కిందికి, ఆయిలుండే జాగలకు జారుతదట. గా జాగ పేరు క్రాంక్ కేస్. టర్బో గాలిని కుక్కి కుక్కి పెడ్తది కాబట్టి మామూలు ఇంజను కన్న గీ జారుడు ఎక్కువనట. గా గ్యాసు బయటపడెతందుకు ఒక పైపుంటది. అది పోయి మళ్లీ ఇంజను గాలి పీల్చే పైపులనే కలుస్తది. గ్యాసు ఎంబడి ఆయిల్ తుంపర గూడ పోయి, గాలి పైపంత లోపల జిడ్డు పట్టిందని మా ఆయన బాధ.

"ఆ జిడ్డు గుర్తొస్తే నాకు నిద్ర పట్టట్లేదు" అన్నడు.

మా వంటింట్ల చిమ్నీ జిడ్డు మూడేండ్ల నుంచి చూస్తుండు. దాన్ని తలుసుకొని ఒక్కనాడన్న నిద్ర చెడగొట్టుకున్నడా అంటే లేదు.

దానికి మందేందంటే క్యాచ్ క్యాన్. అంటే గా పైపు నడుమ ఒక డబ్బా పెట్టాలె. గ్యాసు ఒక దిక్కు నుంచి వచ్చి, లోపల ఆయిల్ ఇడిసి, ఇంకో దిక్కు నుంచి సక్కగ పోవాలె. "పార్సిల్‌లో తెప్పించాను, బిగించేశాను కూడా" అని ఒకనాడు సంబురంగ చెప్పిండు. పీడ పోయిందనుకున్న. బానెట్ లేపి చూసే తీరిక నాకెక్కడిది?

గదే టైముల నా వంటింట్ల రెండు వింతలు జరిగినయి. ఒకటి, మామిడికాయ తొక్కు పెట్టుకునే పెద్ద స్టీలు డబ్బా కనపడకుండ పోయింది. రెండు, గిన్నెలు తోమే స్టీలు పీచులు. ఇయ్యాల తెస్తే రేపు మాయం. డబ్బా సంగతి నాకు ఎంటనే సమజైంది. ఎండాకాలంల మా వదినకు తొక్కు పంపిన, ఆమె డబ్బా వాపస్ ఇయ్యలే. ఫోన్ చేసి అడిగిన. "నేనెప్పుడో ఇచ్చిన" అన్నది. "ఇస్తే ఏడున్నది మరి?" అన్న. మాట మాట పెరిగింది. రెండు నెలలు మాట్లాడలే. గా రెండు నెలలు మా ఆయన మా నడుమ పెద్దమనిషి తీరుగ, "పోనీలే, ఒక డబ్బా కోసం బంధుత్వాలు పాడుచేసుకుంటారా?" అని నాకు నీతులు చెప్పిండు. ఆ మాట ఇప్పుడు తలుసుకున్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది.

ఇగ పుస్తకం సంగతి. సర్కారు నౌకరి పరీక్ష. అప్పటికే రెండుసార్లు రాసిన. మొదటిసారి చానా తేడాతోని పోయింది, రెండోసారి మార్కున్నర. మార్కున్నర అంటే పక్కింటామె గూడ అయ్యో అన్నది. ఈసారి పోతే ఇగ పరీక్షే లేదు, నాకు వయసు దాటిపోతది. గందుకే కుక్కర్ విజిల్ విజిల్ నడుమ చదివిన, బట్టలు ఆరేసుకుంట చదివిన. హాల్ టికెట్ మీద రాసిన నియమాలు గూడ పాఠం లెక్క చదివిన. చేతులకు మెహందీ పెట్టుకోవద్దు, వేలిముద్ర పడదు అని ఉన్నది అండ్ల. పరీక్షకు వారం ముందే మా బావ బిడ్డ పెండ్లి. ఆడోళ్లంత మోచేతుల దాక మెహందీ పెట్టుకొని కూసుంటే నేనొక్కదాన్నే ఉత్త చేతుల తోని తిరిగిన. "ఏందమ్మా, నువ్వు పెండ్లికొచ్చినవా, పంచాయతికొచ్చినవా?" అని ఎక్కిరిచ్చిండ్రు. ఎక్కిరియ్యనియ్యి, నా వేలిముద్ర నాకు ముఖ్యం అనుకున్న.

సెంటర్ అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ. తొమ్మిదిన్నరకు గేటు బంద్. నిమిషం లేటైనా లోపలికి తోలరు, గేటు పట్టుకొని ఏడ్సినోళ్లను నేను కండ్లార చూసిన. నా ప్లాను నాకున్నది. మెట్రోల ఎల్బీనగర్ దాక, అక్కడ్నించి బస్సు. ఏడింటికి బయటపడ్తే ఏ రంది లేదు.

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సేమిటి? హైవే మీద ఇరవై నిమిషాలు" అన్నడు. "నిన్న మొత్తం చెక్ చేశాను. నీ పరీక్ష కదా అని క్యాచ్ క్యాన్ కూడా స్పెషల్‌గా రెడీ చేశాను."

నా మీద ప్రేమతోనే అన్నడు. గదే వచ్చింది తిప్పలు. ప్రేమతోని చెప్పినోనికి వద్దని చెప్పలేక ఎక్కి కూసున్న.

ఎల్బీనగర్ చౌరస్తా దాటేసరికే ఎనిమిదిన్నర. హయత్‌నగర్ దాటినంక రోడ్డు జర ఖాళీ దొరికింది. ఇన్నాళ్లకు మూడో గేరు, నాలుగో గేరు. మా ఆయన మొఖం వెలిగిపోయింది. "చూశావా?" అని కాలు గట్టిగ తొక్కిండు. టర్బో కూసింది. నేను గూడ, ఏ మాటకామాట చెప్పుకోవాలె, ఒక్క నిమిషం ఖుష్ అయిన.

ఆ ఎంటనే మాడిన నూనె వాసన. బానెట్ సందుల నుంచి పొగ. బండి పక్కకు ఆపిండు. బానెట్ లేపితే లోపలంత ఆయిలే. ఎంత ఆయిలున్నదో చూసే పుల్ల ఉంటది గదా, అది దాని గొట్టం నుంచి బయటికి తన్నుకొచ్చి పక్కకు ఒరిగి ఉన్నది. ఆ గొట్టం నుంచి చిమ్మిన ఆయిల్ వేడి వేడి టర్బో మీద పడి పొగలు. టైం ఎనిమిది యాభై.

రోడ్డు మీదికి ఉరికి చెయ్యి ఊపిన. పరీక్ష దినమాయె, ఆటోలు కిటకిట, బస్సులల్ల మనుషులు ఏలాడుతుండ్రు. ఒక్కటి ఆగలే. ఎనుకకు తిరిగి చూస్తే మా ఆయన సెల్ ఫోన్ల వీడియో పెట్టుకొని చూస్తుండు.

"క్రాంక్ కేస్‌లో ప్రెషర్ పెరిగింది. గ్యాస్ బయటికి పోవట్లేదు. ఎందుకో మరి అర్థం కావట్లేదు, దారి ఉండాలే" అన్నడు, బోర్డు ముంగట నిలబడ్డట్టే.

"పొయ్యే దారి ఏది? చూపియ్యి" అన్న.

చూపిచ్చిండు. పైపు ఎంబడి పోయి నా చూపు ఒక డబ్బా మీద ఆగింది. మూతకు రెండు తొండాలు అతికిచ్చి ఉన్నయి, నల్ల రంగు ఏసి ఉన్నది. గని గా డబ్బా నడుం మీద సొట్ట నాకు తెల్వదా? అది నా చేతుల నుంచే పడి సొట్ట పోయింది. మా అమ్మ ఇచ్చిన తొక్కు డబ్బా!

"పార్సిల్‌ల వచ్చిందా ఇది?"

ఆయన మళ్ల సెల్ ఫోన్ల వీడియోల తల పెట్టిండు.

చున్నీ కొంగుతోని పట్టి మూత తిప్పిన. లోపల నా స్టీలు పీచులు. ఒకటి కాదు, ఐదు. ఆయిల్ తాగి తాగి, నల్లగ, గట్టిగ, సందు లేకుండ కుక్కి ఉన్నయి. ముందుగాల ఒక్కటే పెట్టి, నల్లబడ్డప్పుడల్ల మార్చెటోడట. అది ఆయిల్ తుంపర పట్టుకున్నదట, మంచిగ పనిచేసిందట. నా పరీక్ష అని ఇంకో నాలుగు కుక్కిండు. గాలికి దారేడిది? ఎటూ పోలేక పుల్లను తన్నుకొని బయటపడ్డది. ఏడాది దినాలు నా ఎనుక నిలబడి చెప్పిన పాఠం గా పొద్దు నాకు అక్కరకొచ్చింది, చెప్పిన పంతులుకు మాత్రం రాలే.

నేను చెయ్యి పెట్టి గుంజుడు మొదలు పెట్టిన.

"అలా లాగేయకూడదు, ఫిల్టరింగ్ పోతుంది!"

"నోరు మూసుకొని అటు జరుగు" అన్న. పదమూడేండ్లల గా మాట అనుడు అదే మొదటిసారి. ఎంత హాయిగున్నదో!

నాలుగు గుంజి రోడ్డు కింద పారేసి, ఒక్కటి వదులుగ పెట్టి మూత బిగిచ్చిన. పుల్ల తుడిసి, ముంచి చూసిన. ఆయిల్ ఇంక కింది గీతకు పైననే ఉన్నది. పుల్లను గట్టిగ ఒత్తి పెట్టి, "బండి చాలూ చెయ్యి" అన్న. ఇంజను లేసింది. పుల్ల ఉన్నకాడనే ఉన్నది. మిగిలిన దూరం ఆయన కాలు గట్టిగ తొక్కలే.

గేటు దగ్గర దిగేసరికి తొమ్మిది ఇరవై ఐదు. గప్పుడు చూసుకున్న నా చేతులు. మోచేతుల దాక నల్లగ, మా బావ బిడ్డ మెహందీ కన్న చిక్కగ పండినయి. గేటు కాడి పోలీసామె హాల్ టికెట్ చూసింది, నా చేతులు చూసింది, ఏమనాల్నో తెల్వక లోపలికి పొమ్మన్నది. నల్లా కాడ సబ్బు ముక్క దొరికింది. సబ్బు పెట్టి, మట్టి పెట్టి, మళ్ల సబ్బు పెట్టి రుద్దిన. చర్మం మంట లేసిందాక రుద్దిన. నలుపు పోయింది.

వేలిముద్ర మిషన్ ముంగట ఒకామె కూసున్నది, నా ఈడుదే. బొటనవేలు పెట్టమన్నది. పెట్టిన. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్ర లైటు. పది వేళ్లు అయినయి. నా ఎనుక లైన్ల ఉన్నోళ్లు గునుసుడు పెట్టిండ్రు. నియమం చదివి మెహందీ పెట్టుకోని వేళ్లు, కడిగి కడిగి తెల్లగ చేసిన వేళ్లు, ఒక్కటి గూడ పడ్తలేదు.

ఆమె నా బొటనవేలు దగ్గరికి గుంజుకొని, వెలుగుకు పెట్టి చూసింది.

"ఇంట్ల గిన్నెలు మీరే తోముకుంటరా అక్కా?" అన్నది మెల్లగ. "గీతలు అరిగిపోయినయి. చానా మంది ఆడోళ్లకు గిట్లనే ఉంటది."

నేను నా వేలు చూసుకున్న. నున్నగున్నది. పదమూడేండ్లు ఎటు పోయినయో నాకు గప్పుడు కనపడ్డయి. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నీ బాంచెన్, ఇంకొక్కసారి చూడమ్మా, నాకిదే ఆఖరు" అన్న.

"ఏడ్వకుర్రి. మరీ ఎండిపోయినయి వేళ్లు. జర నుదుటికి రుద్దుకొని పెట్టుర్రి, జిడ్డుంటే పడ్తది."

నుదుటికి రుద్దిన. పొద్దుగాల తలస్నానం చేసి, మొఖం రెండుసార్లు కడుక్కొని వచ్చిన మనిషిని, జిడ్డెక్కడిది? పడలే. చున్నీతోని కండ్లు తుడుసుకోబోతుంటే కొంగు చేతికి తగిలింది. ఇందాక డబ్బా మూత తిప్పిన కొంగు. ఇంజను ఆయిల్ తోని తడిసి ఉన్నది. ఆమె అటు తిరిగినప్పుడు బొటనవేలు దానికి ఒక్కసారి అద్ది, దులిపి, మిషన్ మీద పెట్టిన.

పచ్చ లైటు.

పరీక్ష రాసిన. నౌకరి వచ్చింది. మా వదిన ఇంటికి పోయి తప్పయిందని చెప్పిన. డబ్బా మాత్రం కార్లనే ఉన్నది, ఒక్క పీచుతోని. నెలకోపారి అందులకెళ్లి ఆయిల్ పారబోస్తడు మా ఆయన. ఆఫీసుల హాజరుకు రోజూ వేలు పెట్టాలె కాబట్టి, ఇంట్ల గిన్నెలు నేను తోమనని మొదటి దినమే చెప్పిన. "నా వేలు మీద మనిద్దరి బతుకున్నది" అన్న. గప్పటిసంది గిన్నెలు తోముడు ఆయన పని. ఇంజను ఆయిల్ నా వేలు పడేట్టు చేసిందని మాత్రం ఇప్పటిదాక చెప్పలే. చెప్తే సచ్చేదాక ఆ క్యాచ్ క్యాన్ కథ ఇనాలె.

మొన్న పొద్దుగాల సింకు కాడ చేతులు తుడుసుకొని సెల్ ఫోన్ చేతికి తీసుకున్నడు. వేలు పెట్టిండు. తెరుసుకోలే. ఇంకోసారి పెట్టిండు. ఇంకో వేలు పెట్టిండు.

"సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అనుకుంటా" అన్నడు.

నేను చెప్పులేసుకొని ఆఫీసుకు బయలుదేరుతున్న.

"జర నుదుటికి రుద్దుకొని పెట్టు" అన్న.