మేస్త్రీ మెడలో తాళంచెవి

రేవులో అందరూ ఆయన్ని తాళం మేస్త్రీ అనే పిలుస్తారు. ఏ పడవ బాగుచేయడానికి వచ్చినా, ముందు ఇంజన్ తాళంచెవి అడిగి తీసుకుని, తాడుకి గుచ్చి మెడలో వేసుకుంటాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన చెయ్యి నీళ్లలో, పడవని నెట్టే ఫ్యాను మీద ఉండగా ఎవడో తొందరగాడు ఇంజన్ స్టార్ట్ చేశాడు. రెండు వేళ్ల కొసలు పోయాయి. మిగిలిన వేళ్లతోనే ముప్పై ఏళ్లుగా రేవులో పడవలన్నిటినీ నీళ్ల మీద నిలబెడుతున్నాడు.

ఆ ఉదయం రేవు దాటించే పడవ నడిపే సరంగుకి కాలు ఒకచోట నిలవడం లేదు. పది గంటలకి తనిఖీ అధికారి వస్తాడు. ఆయన కళ్లముందు పడవని ముందుకీ వెనక్కీ మూడుసార్లు నడిపి చూపించాలి. లేకపోతే జనాన్ని అవతలి ఒడ్డుకి దాటించే అనుమతి ఇంకొకరికి పోతుంది. ఈ పడవ చూస్తే, గేరు వేయకుండా ఉంచితే ఇంజన్ బ్రహ్మాండంగా ఆడుతోంది, గేరు వేయగానే గుక్కపట్టి ఆగిపోతోంది.

"అంతా మా బావమరిది నిర్వాకం మేస్త్రీ! నిన్న డీజిల్ ఫిల్టరు మార్చాడు. వీడి చెయ్యి పడితే గడియారం కూడా ఆగిపోతుంది."

"నీ నోరు పడితే ఆగిన గడియారం కూడా లేచి పారిపోతుంది బావా," అన్నాడు బావమరిది. అన్నాడే గానీ నవ్వలేదు. పొద్దున్నుంచి రేవంతా అతన్నే ఆడిపోసుకుంటోంది.

"స్పీడు పెంచి గేరు కొట్టి చూశాను," అన్నాడు సరంగు.

"గేరు పళ్లు రాలగొట్టడానికా? తాళం ఇటు తే."

తాళంచెవి మెడలో పడ్డాక మేస్త్రీ అడుగుకి దిగి, గేరు తీసి, ఫ్యాను షాఫ్టుని చేత్తో తిప్పాడు. సులువుగా తిరగాల్సింది, మొరాయించింది.

"ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. బయట ఏదో దీన్ని పట్టుకుని వేలాడుతోంది."

చొక్కా విప్పి, కత్తి పట్టుకుని, ఆ వయసులో నీళ్లలోకి దిగాడు. మూడో మునకకి గుప్పెడు నైలాను తాడుతో తేలాడు. ఫ్యాను వెనక చుట్టుకుని, వేడికి కరిగి ముద్దైపోయిన పచ్చతాడు.

సరంగు మొహం పాలిపోయింది. మొన్న గట్టుకి రాసుకోకుండా పడవ పక్కకి టైరు కట్టి, మిగిలిన తాడుని కోయడానికి బద్ధకించి నీళ్లలోకి వదిలేసింది తనే. మేస్త్రీ చేతిలో తాడుని చూశాడు, టైరుకి వేలాడుతున్న తెగిన పచ్చ కొసని చూశాడు, సరంగుని చూశాడు. తాడుని సంచిలో కుక్కేశాడు.

"ఏదో చెత్తలే," అన్నాడు అందరికీ వినపడేలా.

పదింటికి పడవ మూడుసార్లు ముందుకెళ్లింది, మూడుసార్లు వెనక్కొచ్చింది. ఒక్క ఎక్కిలి కూడా లేదు. అధికారి సంతకం పెట్టి వెళ్లాడు.

"బావమరిది చెడగొట్టిందాన్ని మేస్త్రీ బాగుచేశాడు!" అన్నారెవరో గట్టు మీంచి.

ఊరుకుంటే సరిపోయేది. మేస్త్రీ ఎటూ నోరు విప్పడు. ఇంజన్‌ని బతికించినందుకంటే తన తప్పు దాచినందుకే సరంగు ఆయనకి ఎక్కువ రుణపడ్డాడు.

"తాడు నాది! వదిలేసింది నేనే. వీడి ఫిల్టరు ఏ పాపమూ ఎరగదు!" అని అరిచాడు.

"ఇంకోసారి చెప్పు బావా, అక్కని కూడా పిలుస్తాను," అన్నాడు బావమరిది. ఈసారి నవ్వాడు.

మేస్త్రీ తాళంచెవి తీసి ఇచ్చాడు. కొసలు లేని ఆ వేళ్లని సరంగు రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

"వదలవయ్యా," అన్నాడు మేస్త్రీ. "ముందు వెళ్లి ఆ మిగిలిన కొస కొయ్యి."